ఆత్రేయపురం పూతరేకుల దుకాణానికి .భారత్ చిరునామా: కేస్ స్టడీ

ఆత్రేయపురం ప్రాంతంలో పూతరేకులు, సున్నుండలు, పచ్చళ్లు చేసి పెట్టెల్లో పంపే ఒక కుటుంబ వ్యాపారం. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంటిపేరుకు ‘హోమ్‌ఫుడ్స్’ తగిలించిన పేరు అని చెబితే చాలు. ఆర్డర్లు తీసుకునే సైటు .ఇన్ మీద అప్పటికే నడుస్తోంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక యజమానికి ఒక కోరిక పుట్టింది. పెట్టె మీద, షాపు బోర్డు మీద వెబ్ చిరునామా చివరి ముక్కతో సహా తెలుగులోనే ఉండాలని. దానికున్న దారి .భారత్, అంటే .ఇన్ లాగే భారతదేశానిదే అయి, తెలుగు లిపిలో ఉండే చిరునామా ముగింపు (ఎక్స్‌టెన్షన్). సైటు పని చేసిపెట్టే మాకు పెట్టిన షరతు ఒక్కటే: నడుస్తున్న వ్యాపారానికి దెబ్బ తగలకూడదు.

ముందే చెప్పేస్తాం. పేరు కొనడం, దాన్ని సర్వర్‌కు తగిలించడం పెద్ద పని కాదు. డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి సర్వర్‌ను వెతికిపెట్టే వ్యవస్థ) వరకూ .భారత్ మిగతా ఎక్స్‌టెన్షన్ల లాగే పనిచేస్తుంది. చిక్కంతా ఆ చిరునామా అక్షరాల రూపంలో ఎవరి చేతికైనా వెళ్లినప్పుడే: కీబోర్డు, చాట్, వెబ్ ఫారం, డీటీపీ షాపు, ఈమెయిల్, ఆఖరికి లెక్కలు రాసే గుమాస్తా. అందుకని .భారత్‌ను సైన్‌బోర్డుగా వాడి, కాగితాల మీద ఉండాల్సిన చిరునామాగా .ఇన్‌నే ఉంచాం. ఎందుకలా చేయాల్సి వచ్చిందో కింద వివరంగా ఉంది.

లోపల ఏముంటుంది

డీఎన్ఎస్ వాడుకలో హోస్ట్ పేరంటే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, హైఫను. అంతే. అందుకని తెలుగు పేరును ప్యూనీకోడ్ అనే పద్ధతిలో ఆ అక్షరాల్లోకి మారుస్తారు. ఆ పద్ధతి 2003 నాటిది. దాని మీద ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలు 2010లో వచ్చినవి, వాటిని ఐడీఎన్ఏ 2008 అంటారు. ‘భారత్’లో కంటికి కనబడేవి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో, అంటే ప్రతి లిపిలోని గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణంలో, అవి అయిదు గుర్తులు: భ, దీర్ఘం, ర, త, పొల్లు. డీఎన్ఎస్‌లో అదే మాట ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు, తర్వాత ఎఫ్ పి సి ఆర్ జె 9 సి 3 డి. మొత్తం 13 క్యారెక్టర్లు. ఈ తెలుగు ఎక్స్‌టెన్షన్ 2011లోనే ఇంటర్నెట్ రూట్‌లోకి, అంటే ఎక్స్‌టెన్షన్లన్నీ ఉండే మూల జాబితాలోకి, ఎక్కింది. దేవనాగరి .భారత్ రిజిస్ట్రేషన్లు 2014 ఆగస్టులో మొదలయ్యాయి, మిగతా లిపులవి ఆ తర్వాత. అంటే ఇది నిన్న మొన్నటి సరుకు కాదు. అయినా దుకాణం వాళ్ల స్థాయిలో వాడబోతే కొత్తదానికుండే ఇబ్బందులన్నీ ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్కో ముక్కకు, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న దానికి, ప్యూనీకోడ్ రూపంలో 63 క్యారెక్టర్ల హద్దు ఉంది. ‘భారత్’లో అయిదు గుర్తులు తొమ్మిది క్యారెక్టర్లయ్యాయి, దానికి ముందు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు కలిపి మరో నాలుగు. మోటుగా గుర్తుకు రెండు చొప్పున లెక్కేసుకోవచ్చు. దుకాణం పేరుకు ఊరి పేరు, ఇంటిపేరు, సరుకు పేరు అన్నీ కలిపేస్తే ఈ హద్దు దగ్గరికి త్వరగానే వస్తారు. పేరు ఖాయం చేసే ముందు అక్షరాలు కాదు, గుర్తులు లెక్కపెట్టండి. గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటీ ఒక్కో గుర్తే.

‘హోమ్‌ఫుడ్స్’ ఎందుకు పనికిరాలేదు

ఈ పనిలో ఎక్కువ శ్రమ పట్టింది ఇక్కడే. తెలుగు పేరుతో డొమైన్ తీసుకోవాలనుకునే వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిందీ ఇదే.

‘హోమ్’ తర్వాత పొల్లు ఉంది. దాని పక్కనే ‘ఫు’ రాస్తే తెలుగు లిపి ధర్మం ప్రకారం రెండూ కలిసిపోయి మకారం కింద ఫ వత్తు పడుతుంది: హోమ్ఫుడ్స్. చదివే వాడికి అది తప్పుగా కనబడుతుంది. అలా కలవకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఒక కనబడని గుర్తుంది, జీరో విడ్త్ నాన్‌జాయినర్. దాని సంఖ్య 200సి. మనం ‘సాఫ్ట్‌వేర్’, ‘నెట్‌వర్క్’, ‘రైస్‌మిల్’ అని సరిగ్గా టైపు చేయగలుగుతున్నామంటే మధ్యలో ఇది ఉన్నందువల్లే. చాలా తెలుగు కీబోర్డులు అడక్కుండానే దాన్ని పెట్టేస్తాయి. టైపు చేసిన వాడికి అది ఉన్న సంగతే తెలియదు.

మామూలు రాతలో దీనివల్ల మేలే. డొమైన్ పేరులో మాత్రం ఇది రెండు పేర్లను పుట్టిస్తుంది. పాత నియమాలు, అంటే ఐడీఎన్ఏ 2003, ఈ గుర్తును చడీచప్పుడు లేకుండా తీసేస్తాయి. కొత్త నియమాలు పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచుతాయి. ఉంచితే ప్యూనీకోడ్ మారుతుంది, అంటే డొమైనే వేరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఐడీఎన్ఏ కోడెక్ (పేరును ప్యూనీకోడ్‌లోకి మార్చే సాధనం) పాత నియమాల ప్రకారం నడుస్తుంది. విడిగా వేసుకునే ఐడీఎన్ఏ ప్యాకేజీ కొత్తవాటిని పాటిస్తుంది. ఒకే పేరును రెండింటికీ ఇచ్చి చూడండి, రెండు జవాబులు వస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే ‘ప్యూనీకోడ్ కన్వర్టర్’ పేజీలు ఏ నియమం పాటిస్తాయో చాలావాటి మీద రాసి ఉండదు. అలాంటి పేజీలో వచ్చిన కోడ్‌ను రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) ఫారంలో అతికించి డబ్బు కట్టకండి.

బ్రౌజర్లలోనూ ఇదే గొడవ నడిచింది. క్రోమ్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్‌తో కొత్త పద్ధతికి మారింది. అంతకు ముందు దాకా నాన్‌జాయినర్ ఉన్నా లేకపోయినా ఒకే చోటికి తీసుకెళ్లేది. ఇప్పుడు రెండూ వేరు. దుకాణంలో పాత ఫోను, ఇంట్లో కొత్త ఫోను ఉన్నవాళ్లకు ఒకదాంట్లో సైటు తెరుచుకుని ఇంకోదాంట్లో తెరుచుకోకపోతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

ఈ కేసులో తీర్పు రిజిస్ట్రార్ ఫారమే ఇచ్చేసింది. నాన్‌జాయినర్ ఉన్న పేరును అది తీసుకోలేదు. మిగిలిన దారులు మూడు. గుర్తు తీసేసి ‘హోమ్ఫుడ్స్’ అని వికారంగా ఉంచుకోవడం ఒకటి. మధ్యలో హైఫన్ పెట్టడం రెండోది. సాంకేతికంగా హైఫన్‌కు అడ్డు లేదు, మొదట్లోనూ చివరా ఉండకూడదంతే. కానీ ఫోన్లో పేరు చెప్పేటప్పుడు ‘మధ్యలో చిన్న గీత అండి’ అని ప్రతిసారీ చెప్పాలి. తెలుగు కీబోర్డులో హైఫను రెండో పేజీలో ఉంటుంది, అది వెతుక్కునేలోపు సగం మంది వదిలేస్తారు. మూడో దారి పేరు మార్చుకోవడం. ఇంటిపేరు పక్కన ‘పిండివంటలు’ పెట్టాం. అందులో పొల్లు లేదు, వత్తు లేదు, ఒకటే స్పెల్లింగు. ఇంగ్లిషు మాటలను తెలుగు లిపిలో రాసి డొమైన్‌గా పెట్టుకునే వాళ్లందరికీ ఈ బాధ తప్పదు: స్వీట్స్, మార్ట్, ఫార్మ్స్, ఎంటర్‌ప్రైజెస్. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పక్క మాటతో కలిపినా అతుక్కుపోవు.

పేరు ఖాయం చేసే ముందు ఒక పరీక్ష పెట్టాలి. పేరును నలుగురైదుగురికి ఫోన్లో చెప్పి, వాళ్ల ఫోన్లలో టైపు చేసి పంపమనాలి. వచ్చినవాటిని కంటితో చూసి వదిలేయకుండా యూనికోడ్ సంఖ్యల్లోకి మార్చి పోల్చాలి. ల బదులు ళ, సున్నా బదులు పొల్లు న, హ్రస్వం బదులు దీర్ఘం ఎక్కడ పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ‘ఐ’త్వం ఉన్న పేర్లకు భయం అక్కర్లేదు. ఆ గుణింతాన్ని రెండు ముక్కలుగా నిల్వ చేసినా యూనికోడ్ సాధారణీకరణలో ఒకటే అయిపోతుంది. అంకెలు పేరులో ఉంటే తెలుగు అంకెలు వద్దు, మామూలు అంకెలే.

సర్వర్ పని

ఇది తక్కువ. డీఎన్ఎస్ రికార్డులు, వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్జిన్ఎక్స్‌లో సర్వర్ నేమ్ వరుస, సర్టిఫికెట్ అడిగే కమాండు, అన్నింట్లోనూ ప్యూనీకోడ్ రూపమే రాయాలి. సైటుకు తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2016 నుంచి ఇలాంటి పేర్లకు సర్టిఫికెట్ ఇస్తోంది. వాటిని తెచ్చిపెట్టే ప్రోగ్రాం సర్ట్‌బాట్‌కు తెలుగు అక్షరాలిస్తే ప్యూనీకోడ్ అడుగుతుంది, అదేమీ లోపం కాదు. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆ వరుస పైన తెలుగు పేరును వ్యాఖ్యగా రాసిపెట్టండి. ఆరునెలల తర్వాత ఇంకెవరైనా ఫైలు తెరిస్తే ఆ కోడ్ ఏ దుకాణానిదో తెలియాలి కదా.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్న రూపానికీ రికార్డు, సర్టిఫికెట్ రెండూ తీసుకున్నాం. తెలుగు చిరునామా ముందు మూడు ఇంగ్లిషు అక్షరాలు పెట్టేవాళ్లు ఉండరనుకోవద్దు. ఉంటారు, అలవాటు అలాంటిది.

ఒక నిర్ణయం మాత్రం ఆలోచించి తీసుకున్నది. .భారత్‌కు వచ్చిన వాళ్లను నేరుగా .ఇన్‌కు మళ్లించడం తేలిక. కానీ అలా చేస్తే అడ్రస్ బార్‌లో తెలుగు పేరు క్షణంలో మాయమై, యజమాని కోరిక కాస్తా పెట్టె మీదే ఆగిపోతుంది. అందుకని సరుకుల జాబితా, ధరలు, దుకాణానికి దారి, ఫోన్ నంబరు ఉన్న తెలుగు పేజీలను .భారత్ మీదే ఉంచాం. ‘ఆర్డర్ చేయండి’ నొక్కితే అక్కడి నుంచి .ఇన్ మొదలు. పేమెంట్ గేట్‌వేకు తెలిసిన చిరునామా .ఇన్ ఒక్కటే. రెండు చోట్లా ఒకే సమాచారం ఉన్న పేజీలకు అసలు పేజీ ఏదో చెప్పే కనానికల్ ట్యాగు పెట్టడం మరవకూడదు.

డొమైన్ తర్వాత వచ్చే దారిని, అంటే స్లాష్ తర్వాతి భాగాన్ని, తెలుగులో పెట్టొద్దు. యూనికోడ్ గుర్తులను నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. లింకులో అది శాతం గుర్తులతో తొమ్మిది క్యారెక్టర్లవుతుంది. ‘కొబ్బరి’ అనే మాటలో ఏడు గుర్తులు, లింకులో 63 క్యారెక్టర్లు. క్రోమ్ అడ్రస్ బార్ నుంచి కాపీ చేసి చాట్‌లో అతికిస్తే డొమైన్ ప్యూనీకోడ్‌గా, మిగతాదంతా శాతం గుర్తుల దండగా వచ్చి పడుతుంది. కొబ్బరి లౌజు పేజీకి రెండు మూడు ఇంగ్లిషు అక్షరాల దారి చాలు.

తెర మీద ఎలా కనబడుతుంది

ఆండ్రాయిడ్‌లో క్రోమ్, కంప్యూటర్ మీద ఫైర్‌ఫాక్స్ తెలుగు పేరును తెలుగులోనే చూపిస్తాయి. పేరంతా ఒకే లిపిలో ఉండటం వాటికి కావాలి. తెలుగు ముక్కలో కన్నడ ‘ర’ లాంటిది కలిసిందంటే మోసమనుకుని కోడ్ చూపించే అవకాశం ఉంది.

ఐఫోన్ సంగతి వేరు. సఫారీ వెనకున్న వెబ్‌కిట్‌లో ఏయే లిపుల పేర్లను లిపిలోనే చూపించాలో ఒక జాబితా ఉంది. అందులో దేవనాగరి, గుజరాతీ, గురుముఖి, తమిళం ఉన్నాయి. ఈ పని చేసిన నాటికి తెలుగు లేదు. జాబితాలో లేని లిపిని అది ప్యూనీకోడ్‌లో చూపిస్తుంది. సైటు తెరుచుకుంటుంది, తాళం గుర్తూ ఉంటుంది, అడ్రస్ బార్‌లో మాత్రం ఎక్స్ఎన్ అంటూ పిచ్చి అక్షరాలు. విదేశాల్లో ఉండి ఇక్కడి పూతరేకులు తెప్పించుకునే వాళ్లలో ఐఫోన్ వాడకం ఎక్కువ. దుకాణానికి వచ్చిన మెసేజీల్లో ఒకటి: ‘ఇదేంటండీ బాబూ, లింకు నొక్కితే ఏదో వైరస్ అడ్రస్ చూపిస్తోంది.’ తప్పు వాళ్లది కాదు. తెలియని పొడుగాటి పేరుతో వచ్చే లింకులు తెరవొద్దని బ్యాంకులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. దీనికి సైటు వైపు నుంచి మందు లేదు. పేజీ పైన దుకాణం పేరు పెద్దగా, దాని కింద .ఇన్ చిరునామా కూడా కనబడేలా పెట్టడం ఒక్కటే చేయగలిగింది.

పెట్టె, బోర్డు, ఫ్లెక్సీ

అచ్చు పనిలో ఎదురైన అడ్డంకి పాత ఫాంట్లు. మన దగ్గర ఫ్లెక్సీ, పెట్టె డిజైన్లు చేసే షాపుల్లో అనూ వంటి యూనికోడ్ కాని ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. యూనికోడ్‌లో పంపిన పేరును అక్కడ అతికిస్తే డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. అప్పుడు ఆపరేటరు చూసి మళ్లీ టైపు చేస్తాడు. మాటల మధ్య తనకు తోచిన చోట ఖాళీ ఇస్తాడు. ఈ కేసులో వచ్చిన మొదటి ప్రూఫులో ఇంటిపేరుకూ ‘పిండివంటలు’కూ మధ్య ఖాళీ ఉంది, ‘భారత్’ ముందు చుక్క తర్వాత కూడా ఖాళీ ఉంది. భాషగా అది తప్పు కాదు, చిరునామాగా పనికిరాదు. ఇంకో ప్రూఫులో చుక్క అసలు లేదు. అలంకారం అనుకుని తీసేశారు.

అందుకని చిరునామా వరుసను టైపు చేయనివ్వకూడదు. యూనికోడ్ ఫాంటులో రాసి, అక్షరాలను గీతల ఆకారాలుగా మార్చి, పీడీఎఫ్ గానో ఎస్‌వీజీ గానో ఇవ్వాలి. కోరెల్‌డ్రాలో దాన్ని బొమ్మగానే దిగుమతి చేసుకుంటారు, ముట్టుకోవడానికి ఏమీ మిగలదు. చుక్కను మిగతా అక్షరాల కంటే కాస్త లావుగా వేయించాం. తెలుగు అక్షరాల గుండ్రాల మధ్య సన్నని చుక్క ఫ్లెక్సీ మీద దూరానికి ఆనదు. బోర్డు మీద చిరునామా పక్కన ‘వెబ్‌సైట్’ అని రాయడం కూడా అవసరమే. .భారత్ అని ముగిసేదాన్ని చూసి అది వెబ్ చిరునామా అని గుర్తుపట్టే అలవాటు ఇంకా జనానికి రాలేదు. దేశభక్తి నినాదం అనుకుంటారు.

చూసి టైపు చేసేవాళ్లు తక్కువని తెలుసు కాబట్టి అసలు బరువంతా క్యూఆర్ కోడ్ మీద పెట్టాం. అందులో తెలుగు అక్షరాలు పెట్టకూడదు. కొన్ని స్కానర్లు ఆ బైట్లను వేరే ఎన్‌కోడింగుగా చదివి చెత్త చేస్తాయి. ప్యూనీకోడ్ రూపం పెట్టాలి. దాన్నీ ఇంగ్లిషు పెద్దక్షరాల్లో పెడితే ఒక లాభం ఉంది. పెద్దక్షరాలు, అంకెలు, హైఫను, చుక్క, స్లాష్, కోలన్ మాత్రమే ఉన్నప్పుడు క్యూఆర్ తక్కువ చోటులో సరిపెట్టే పద్ధతికి మారుతుంది. డొమైన్ పేరుకు పెద్దా చిన్నా తేడా లేదు కాబట్టి ఇబ్బంది రాదు. మన చిరునామా యాభై క్యారెక్టర్ల చిల్లర. క్యూ స్థాయి రక్షణతో (కోడ్ కొంత పాడైనా చదవగలిగేలా ఉంచే స్థాయుల్లో ఒకటి) చిన్నక్షరాల్లో అయితే వైపుకు 37 గళ్ల కోడ్ కావాలి. పెద్దక్షరాల్లో 33 గళ్లకు దిగింది. అదే రెండున్నర సెంటీమీటర్లలో గడులు పెద్దవవుతాయి, చౌక ఫోను కెమెరాకు సులువు.

క్యూ స్థాయి ఎందుకంటే నెయ్యి. పూతరేకుల పెట్టె అట్టకు అడుగు నుంచీ పక్కల నుంచీ నెయ్యి మరక పాకుతుంది. మరక పడిన చోట తెలుపు కాస్తా బూడిద రంగులోకి దిగి, గడులు కలిసిపోయినట్టు కనబడతాయి. క్యూ స్థాయిలో సుమారు 25 శాతం పాడైనా కోడ్ చదవబడుతుంది, ఎమ్ స్థాయిలో 15 శాతమే. కోడ్‌ను మూత మీద మధ్యలో వేయించాలి, అంచుల దగ్గర వద్దు. చుట్టూ నాలుగు గళ్ల ఖాళీ వదలాలి. డిజైనర్లు ఆ ఖాళీలోకి పువ్వులు, మామిడాకులు దూరుస్తారు, చూసుకోవాలి.

కోడ్ చివర స్లాష్ పెట్టి ఒక ఇంగ్లిషు పెద్దక్షరం చేర్చాం. సర్వర్ లాగులో పెట్టె నుంచి వచ్చిన వాళ్లెవరో, టైపు చేసుకుని వచ్చిన వాళ్లెవరో విడివిడిగా కనబడటానికి. స్లాష్ తర్వాత మాత్రం పెద్దా చిన్నా తేడా ఉంటుంది కాబట్టి సర్వర్‌లో కూడా పెద్దక్షరానికే దారి రాయాలి.

చాట్‌లో ‘లో’ తెచ్చిన తంటా

దుకాణం పేరులో పొల్లు లేకుండా చూసుకున్నాం. కానీ ‘భారత్’ చివర పొల్లుంది, దాన్ని మార్చడం ఎవరి చేతిలోనూ లేదు.

తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని వస్తుంది. ‘ధరలు ఫలానాపిండివంటలు.భారత్‌లో చూడండి’ అని రాయడం అందరికీ సహజం. చాట్ యాప్ లింకును గుర్తుపట్టేటప్పుడు ఖాళీ వచ్చేదాకా చదువుతుంది. దానికి ఎక్స్‌టెన్షన్ ‘భారత్‌లో’ అయింది. అలాంటిది లోకంలో లేదు కాబట్టి లింకు నీలంగా మారదు, లేదా మారినా నొక్కితే సైటు దొరకదంటుంది. ‘భారత్‌కి’, ‘భారత్‌ను’, ‘భారత్‌లోకి’ అన్నీ ఇంతే. ఇంగ్లిషు చిరునామాల తర్వాత ‘లో’ రాసినా గొడవే కానీ, అక్కడ లిపి మారడం చూసి కొన్ని యాప్‌లు ఆగుతాయి. ఇక్కడ లిపి ఒకటే, ఆగడానికి ఆనవాలు లేదు.

దీనికంటే కనిపెట్టడం కష్టమైనది ఇంకోటుంది. ‘భారత్‌లో’ అని టైపు చేసేటప్పుడు పొల్లుకూ ‘లో’కూ మధ్య కీబోర్డు నాన్‌జాయినర్ పెడుతుంది. లింకు పనిచేయలేదని చూసి పంపినవాళ్లు ‘లో’ను చెరిపేస్తారు. ‘లో’ పోతుంది, నాన్‌జాయినర్ ఉండిపోతుంది. తెర మీద ‘భారత్’ అని నిక్కచ్చిగా కనబడుతుంది. కొత్త నియమాల ప్రకారం పొల్లు తర్వాత వచ్చిన నాన్‌జాయినర్ చెల్లుతుంది కాబట్టి బ్రౌజరు దాన్ని ఉంచి వేరే ఎక్స్‌టెన్షన్ తయారుచేసి వెతుకుతుంది. దొరకదు. రూట్‌లోకి వచ్చే లిపి పేర్లలో ఈ జాయినర్లను అసలు అనుమతించరు, కాబట్టి అలాంటి ఎక్స్‌టెన్షన్ ఎప్పటికీ రాదు. పైగా ఆ వెతుకులాట మన సర్వర్ దాకా రాదు. మన లాగుల్లో జాడ ఉండదు. ‘మీ సైటు పనిచేయట్లేదండి’ అన్న ఫిర్యాదు వస్తుంది, మనం తెరిస్తే చక్కగా తెరుచుకుంటుంది.

ఇలాంటి ఫిర్యాదు వస్తే స్క్రీన్‌షాట్ అడగొద్దు, అందులో ఏమీ కనబడదు. పంపిన మెసేజీనే ఫార్వర్డ్ చేయమనాలి. దాన్ని యూనికోడ్ సంఖ్యలు చూపే పరికరంలో వేస్తే చివరి సంఖ్య 0సి4డి, అంటే పొల్లు, అయి ఉండాలి. దాని తర్వాత 200సి ఉంటే దొంగ దొరికినట్టే.

దుకాణం వాళ్లకు రాసిచ్చిన పద్ధతి ఇది. చిరునామాను మెసేజీలో విడి వరుసలో, ముందు హెచ్‌టీటీపీఎస్ కోలన్ రెండు స్లాష్‌లతో పెట్టాలి. అది లేకుండా ఒట్టి తెలుగు పేరును లింకుగా గుర్తించని యాప్‌లు ఉన్నాయి. వరుస చివర చుక్క, విభక్తి, ఎమోజీ ఏదీ తగలకూడదు. వాక్యంలోనే రాయక తప్పకపోతే ‘అనే సైటులో’ అని, ముందు ఖాళీ ఇచ్చి రాయాలి. చేత్తో టైపు చేయకుండా ఫోన్ కీబోర్డులో సంక్షిప్తంగా దాచుకున్న దాన్నే వాడాలి. సైటులో ‘లింకు కాపీ’ అని ఒక బటన్ కూడా పెట్టాం. అది శుభ్రమైన రూపాన్నే క్లిప్‌బోర్డుకు ఇస్తుంది.

ఎస్ఎంఎస్‌లో .భారత్ వాడలేదు. ఇంగ్లిషు మెసేజీకి 160 క్యారెక్టర్లు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా మెసేజీ మొత్తం యూనికోడ్‌గా మారి 70కి పడిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. వ్యాపార మెసేజీల్లో పంపే లింకులను ముందే నమోదు చేయించాలన్న టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. రెండు చిరునామాలు నమోదు చేయించే తిప్పలు ఎందుకని .ఇన్ ఒక్కటే ఇచ్చాం.

ఈమెయిల్, ఫారాలు

యజమానికి ఈమెయిల్ కూడా తెలుగులో కావాలనిపించింది. వద్దన్నాం. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. అట్ గుర్తుకు ముందు భాగం ఇంగ్లిషులో ఉండి డొమైన్ మాత్రమే తెలుగైతే, డొమైన్‌ను ప్యూనీకోడ్‌గా రాసి మామూలు సర్వర్ల ద్వారానే పంపొచ్చు. వెళుతుంది, కాకపోతే అవతలి వాళ్లకు పంపినవారి చిరునామా స్పామ్ లాగా కనబడుతుంది. ముందు భాగం కూడా తెలుగైతే దానికి మారు రూపం లేదు. దారిలో ఉన్న ప్రతి మెయిల్ సర్వరూ ఎస్ఎంటీపీ యూటీఎఫ్8 అనే విస్తరణను ఒప్పుకోవాలి. దాని ప్రమాణాలు 2012లో వచ్చాయి. జీమెయిల్ 2014 నుంచి అలాంటి చిరునామాలతో ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకుంటోంది. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో 2015లో వచ్చిన 3.0 నుంచి ఆ సదుపాయం ఉంది. కానీ అవతల ఉన్నది ఒక కొరియర్ సంస్థ పాత సర్వరో, ఏదో ఆఫీసు సర్వరో అయితే 5.6.7 కోడ్‌తో ఉత్తరం వెనక్కొస్తుంది. ఆర్డర్ ఖాయమైందన్న ఉత్తరం పదింట్లో ఒకటి వెనక్కొచ్చినా వ్యాపారం చేయలేం.

వెబ్ ఫారాల్లో అయితే ఉత్తరం బయల్దేరే దాకా కూడా వెళ్లదు. బ్రౌజర్ల ఈమెయిల్ గడికి ఉన్న ప్రమాణమే ముందు భాగంలో ఇంగ్లిషు అక్షరాలు తప్ప ఒప్పుకోదు. వెబ్‌సైట్ చిరునామా అడిగే గడుల్లో ఇంకో రకం అడ్డు. ఎక్స్‌టెన్షన్ అంటే రెండు నుంచి ఆరు లోపు అక్షరాలని ఎప్పుడో రాసిన తనిఖీ సూత్రాలు ఇంకా తిరుగుతున్నాయి. ప్యూనీకోడ్ రూపం ఇస్తే అందులో హైఫన్లు, అంకెలు ఉన్నాయి, పైగా 13 క్యారెక్టర్లు, కాబట్టి తప్పంటుంది. తెలుగు ఇస్తే అక్షరాలే కాదంటుంది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో అందరూ వాడే యూఆర్‌ఎల్ తనిఖీ ఫిల్టరు ఇంగ్లిషు చిరునామాలను మాత్రమే సరైనవిగా గుర్తిస్తుంది, దాని పత్రాల్లోనే ఆ మాట రాసి ఉంది. కొత్తగా ఖాతా తెరిచిన ఒక పేమెంట్ సేవలోనూ, ఒక కొరియర్ పోర్టల్‌లోనూ .భారత్ చిరునామా రెండు రూపాల్లోనూ చెల్లలేదు. కస్టమర్ కేర్‌కు చెప్పినా ఫలితం లేదు. ‘సరైన వెబ్‌సైట్ ఇవ్వండి’ అన్న జవాబే తిరిగి వచ్చింది. కేవైసీ కాగితాల్లో, ఇన్‌వాయిసుల్లో, లేబుల్ మీద ఎఫ్ఎస్‌ఎస్‌ఏఐ నంబరు పక్కన, అన్నిచోట్లా .ఇన్ చిరునామానే ఇవ్వడం వల్ల ఈ తలనొప్పి వ్యాపారాన్ని తాకలేదు.

సొంత సైటులో సంప్రదింపు ఫారం ఉంటే దాన్నైనా సరిచేసుకోవాలి. గడిని సాధారణ టెక్స్టుగా పెట్టి, అట్ గుర్తు ఉందా, డొమైన్ ప్యూనీకోడ్‌లోకి మారుతోందా అన్న రెండు పరీక్షలతో సరిపెట్టాం. అసలు తనిఖీ ఉత్తరం పంపి చూడటమే.

రెన్యువల్

2021 జనవరిలో .ఇన్ కొత్తగా తీసుకున్న వాళ్లకు భారతీయ భాషల్లో ఒక పేరు ఉచితమని .ఇన్ పేర్ల నిర్వహణ చూసే నిక్సీ ప్రకటించింది. అలాంటి తాయిలాల కింద వచ్చినా, కొనుక్కున్నా, ఈ పేర్లు పోయేది ఎక్కువగా రెన్యువల్ దగ్గరే. రిజిస్ట్రార్ పంపే గుర్తుచేసే ఉత్తరంలో, ఇన్‌వాయిసులో, కంట్రోల్ ప్యానెల్‌లో డొమైన్ ప్యూనీకోడ్ రూపంలోనే ఉంటుంది. ఎక్స్ఎన్‌తో మొదలయ్యే నలభై చిల్లర క్యారెక్టర్ల పేరుకు డబ్బు కట్టమని బిల్లు వస్తే లెక్కలు చూసేవాళ్లు అది మోసమనో, పొరపాటనో పక్కన పడేస్తారు. ఈ దుకాణంలో బిల్లులు చూసేది యజమాని మేనల్లుడు. మొదటి బిల్లును అతను స్పామ్‌లోకి నెట్టేశాడు. గడువుకు ఇంకా టైముంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు రెండు డొమైన్లకూ గడువు ఒకే నెలకు తెచ్చాం, ఆటో రెన్యువల్ పెట్టాం. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ .భారత్‌ది కాదు, .ఇన్‌ది కూడా కాదు. డొమైన్ ఆగినా ఉత్తరం అందాలి కాబట్టి విడి ఖాతా. లెక్కల పుస్తకం మొదటి పేజీలో తెలుగు పేరు, దాని ఎదురుగా ప్యూనీకోడ్ మొత్తం అచ్చు వేసి అతికించి, కింద ‘ఈ రెండూ ఒకటే, బిల్లు కట్టాలి’ అని రాయించాం.